రామెన్ వెంట జపాన్: ఎక్కడ దిగాం, ఎక్కడ తిన్నాం

రామెన్, అంటే వేడి రసంలో వేసిచ్చే నూడుల్స్, తినడానికే జపాన్ వెళ్ళేవాళ్ళకి నా మొదటి సలహా, టోక్యోకి రోజులు తగ్గించుకోండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. దేశంలోని రకాలన్నీ అక్కడే దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి, కాదనను. కానీ పేరున్న కొట్టు ముందు గంటసేపు నిలబడి, పది నిమిషాల్లో తిని లేచి, మళ్ళీ రెండు రైళ్ళు మారి గదికి చేరుకునే తిండిలో నాకు సుఖం కనబడలేదు. రామెన్ ఏ ఊరిదో ఆ ఊళ్ళోనే, అక్కడివాళ్ళు తినే వేళకే తినాలి. హకాటాలో రాత్రిపూట, కిటాకాటాలో తెల్లవారగానే, సప్పోరోలో బయట మంచు పడుతున్నప్పుడు. ఆ లెక్క మీదే మా ప్రయాణం వేసుకున్నాం. నాకు రామెన్ అంటే పిచ్చి. మా ఆయనకి ఆ పిచ్చి లేదు సరికదా, పందిమాంసం అసలు ముట్టరు. అలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళకి పనికొచ్చే సంగతులు కూడా మధ్యలో చెప్తాను.

ముందు ఫుకుఓకా. హకాటా ఈ ఊళ్ళోని పేటే. విమానాశ్రయం ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క. సబ్‌వే ఎక్కితే రెండో స్టేషనే హకాటా. ఐదారు నిమిషాలు, 260 యెన్‌లు. ఒక్కటే మెలిక: సబ్‌వే ఉన్నది దేశీయ టెర్మినల్ దగ్గర, కాబట్టి విదేశం నుంచి నేరుగా దిగితే ఉచిత షటిల్ బస్సులో అక్కడిదాకా రావాలి. బస హకాటా స్టేషన్ చుట్టుపక్కల గానీ తెన్‌జిన్‌లో గానీ తీసుకుంటే చాలా కొట్లకి నడిచే వెళ్ళొచ్చు. రామెన్ యాత్రకి దీన్ని మించిన మకాం నాకు తెలీదు.

ఇక్కడి రామెన్ టొంకొట్సు. పంది ఎముకల్ని గంటల తరబడి పెద్ద మంట మీద తెర్లిస్తే మూలుగ, కొవ్వు నీళ్ళలో కలిసిపోయి రసం తెల్లగా చిక్కబడుతుంది. అదే సన్నమంట మీద కాస్తే తేటగా మిగులుతుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే పాయా తాగే అలవాటున్నవాళ్ళకి ఈ చిక్కదనం కొత్తేమీ కాదు. వాసనకి మాత్రం సిద్ధపడి వెళ్ళండి. కొన్ని కొట్లు వీధి మలుపులోనే ముక్కుకి తగులుతాయి. నాకు అదే గుర్తు, మా ఆయనకి అదే హెచ్చరిక!

నూడుల్స్ సన్నగా, నిటారుగా ఉంటాయి. ఎంత గట్టిగా కావాలో మనల్నే అడుగుతారు. మెత్తగా అయితే యవా, మామూలుగా ఫుట్సు, గట్టిగా కటా, ఇంకా గట్టిగా బరికటా, ఆపైన హరిగానే. నాకు కటా దగ్గర సరిపోయింది. హరిగానే అనేది పిండి వాసన పోకుండానే తీసేసే సరుకు, పందేలకి తప్ప ఎందుకో తెలీదు. సన్నటి నూడుల్స్ వేడి రసంలో త్వరగా మెత్తబడిపోతాయి కాబట్టి గిన్నెలో కొంచెమే వేస్తారు. అవి అయిపోయాక రసం మిగిలి ఉండగానే 'కాయెదామా' అంటే, ఇంకో చుట్ట నూడుల్స్ తెచ్చి అందులోనే వేస్తారు. వందా రెండు వందల యెన్‌లు. నగహామా చేపల మార్కెట్ మనుషుల కోసం పుట్టిన పద్ధతి ఇది. వేలంపాటల మధ్య వాళ్ళకి నిలబడి తినే తీరిక కూడా ఉండేది కాదు. అందుకే నిమిషంలో ఉడికే సన్నటి నూడుల్స్, చాలకపోతే మారు వడ్డన. ఆ మార్కెట్ దగ్గరే ఉన్న గన్సో నగహామాయాలో ఇప్పటికీ తినడానికి రామెన్ తప్ప వేరే వంటకం లేదు. హంగూ ఆర్భాటం లేని చోటు. కూర్చున్నాక ఏం తినాలా అని ఆలోచించే పని కూడా ఉండదు.

యతాయ్‌ల సంగతి చెప్పాలి. సాయంత్రం ఆరు దాటాక ఫుట్‌పాత్‌ల మీద తోపుడుబళ్ళు విప్పుకుని చిన్న చిన్న కొట్లయిపోతాయి. ఊరు మొత్తం మీద వంద వరకూ ఉంటాయి. ఒక్కోదాంట్లో పదిమంది పడతారు, అదీ భుజాలు రాసుకుంటూ. నకాసులో నది గట్టు మీద ఫొటోలకి బాగుంటుంది, జనమూ అక్కడే ఎక్కువ. తెన్‌జిన్ వైపు బళ్ళ దగ్గర ఊరివాళ్ళు కూడా కనిపిస్తారు, నాకు అటే నచ్చింది. వాన గట్టిగా పడితే తెరవరు, టాయిలెట్ ఉండదు, ఒక గిన్నె పెట్టుకుని గంటసేపు కూర్చోవడం మర్యాద కాదు. నిజం చెప్పాలంటే, యతాయ్ రామెన్ నాకు సాదాగానే అనిపించింది. పక్క స్టూలు మీదివాళ్ళతో కబుర్లకి వెళ్ళండి, కాల్చిన చికెన్ పుల్లలు తినండి. అసలు రామెన్ కొట్లో తినండి.

'ఇచిరాన్', 'ఇప్పుడో' అనే పేరున్న రామెన్ కొట్లు రెండూ ఈ ఊరివే. ఇప్పుడో 1985లో ఇక్కడి దైమ్యో పేటలో మొదలైంది. ఇచిరాన్‌లో మనిషికో గడి, ఎదురుగా వెదురు తెర, కాగితం మీద గుర్తులు పెడితే గిన్నె తెర కిందనుంచి వస్తుంది. ఒంటరిగా తిరిగే అమ్మాయిలకి, భాష రానివాళ్ళకి అంతకన్నా హాయైన చోటు లేదు. కానీ వాటికి టోక్యోలోనూ ఒసాకాలోనూ శాఖలున్నాయి. ఫుకుఓకాలో పూటలు లెక్కపెట్టుకునేవాళ్ళు వాటి మీద ఖర్చుపెట్టక్కర్లేదని నా అభిప్రాయం. ఆ పూట కురుమేకి కేటాయించండి. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. టొంకొట్సు పుట్టిల్లు అదే. 1937లో నన్‌కిన్ సెన్‌ర్యో అనే బండి దగ్గర మొదలైంది. మొదట్లో రసం తేటగానే ఉండేదట. తర్వాత ఇంకో కొట్లో పొయ్యి మీద మరిచిపోయి ఎక్కువసేపు మరిగించడంతో తెల్లగా వచ్చిందని చెప్పుకుంటారు. కురుమే వాళ్ళు బానని ఖాళీ చెయ్యకుండా, పాత రసానికి కొత్త రసం కలుపుతూ పోతారు. హకాటా రుచి కన్నా మోటుగా, లోతుగా ఉంటుంది. నా ఓటు కురుమేకే.

టికెట్ మిషన్ గురించి కొంచెం. చాలా కొట్లలో తలుపు పక్కనే ఉంటుంది. ముందు డబ్బు వేసి, బొత్తాం నొక్కి, చీటీ తీసుకుని కూర్చోవాలి. అక్షరాలు చదవలేకపోతే పైవరసలో ఎడమచివరి బొత్తాం నొక్కండి. కొట్టు గొప్పగా చెప్పుకునే గిన్నె చాలాసార్లు అదే అయ్యుంటుంది. పాత మిషన్లు చాలావరకు వెయ్యి యెన్‌ల నోటే తీసుకుంటాయి. పైగా 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, వాటిని మింగని మిషన్లు ఇంకా తగులుతుంటాయి. కాబట్టి చిల్లర దగ్గరుంచుకోండి. ధర విషయంలో జపాన్‌లో ఒక పట్టింపు ఉంది, రామెన్ వెయ్యి యెన్‌లు దాటితే జనం మొహం చిట్లిస్తారు. వెయ్యంటే మన డబ్బులో ఇంచుమించు ఆరువందలు. ఆ ధరకి నీళ్ళు ఉచితం, టిప్పు ఇచ్చే అలవాటే లేదు. జుర్రుకుంటూ తింటే ఎవరూ ఏమీ అనుకోరు. గిన్నె మధ్యలో పెట్టి ఇద్దరు పంచుకోవడం మాత్రం బాగోదు. మనిషికో గిన్నె తీసుకోవాలి.

వేళలు కూడా చూసుకోవాలి. మధ్యాహ్నం పదకొండింటికి తెరిచి, రెండు మూడింటికి మూసి, మళ్ళీ సాయంత్రం తీసేవి చాలా ఉంటాయి. రసం అయిపోతే ఆ పూటకి అంతే, బోర్డు తిప్పేస్తారు. అందుకని పొద్దున కన్వీనియెన్స్ స్టోర్‌లో ఒనిగిరి అనే అన్నం ముద్ద ఒకటి తిని, పదకొండుకి పది నిమిషాల ముందే వరసలో ఉండేవాళ్ళం. ఆ పది నిమిషాలు తర్వాతి నలభై నిమిషాల్ని ఆదా చేస్తాయి. ఈ కొట్లలో పెట్టె పెట్టుకునే చోటుండదు. స్టేషన్ లాకరు గానీ, పెట్టెల్ని ఒక హోటల్ నుంచి ఇంకో ఊరి హోటల్‌కి పంపించే తక్యూబిన్ గానీ వాడుకోండి. సాధారణంగా మర్నాటికి చేరిపోతాయి. జపాన్‌లో నేను వాడిన సేవలన్నిట్లో డబ్బుకి తగ్గ ఫలితం దీనికే.

బసలో నేను మెచ్చినవి డోర్మీ ఇన్ హోటళ్ళు. గదులు చిన్నవే, రెండు పెట్టెలు ఒకేసారి తెరవడం కష్టం. కానీ వేడినీళ్ళ సామూహిక స్నానశాల ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, బస చేసినవాళ్ళకి సోయా రసంతో చిన్న గిన్నె రామెన్ ఉచితంగా ఇస్తారు, 'యొనాకి సోబా' అని. స్నానం చేసి, యుకాతా (నూలు అంగీ) లాంటి గది బట్టలతోనే కిందికొచ్చి తినేసి పడుకోవచ్చు. బయట తిన్న పెద్ద గిన్నెల కన్నా అది కొన్ని రాత్రులు బాగా పట్టింది. బట్టలుతికే మిషన్ ఉన్న హోటల్ చూసుకోవడం కూడా ముఖ్యం. టొంకొట్సు కొట్లో అరగంట కూర్చుంటే జుట్టుకీ చొక్కాకీ పట్టిన వాసన అంత తేలిగ్గా వదలదు. టోక్యోలో ఒక క్యాప్సూల్ హోటల్ కూడా చూశాం, గది బదులు మనిషి పట్టేంత గూడు ఇస్తారు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు అంతస్తులు, రాత్రంతా ఎవరో ఒకరు సంచులు సర్దుతున్న చప్పుడు. డబ్బు మిగులుతుంది, నిద్ర మిగలదు.

టోక్యో నుంచి ఉత్తరంగా ఫుకుషిమా జిల్లాలోని కిటాకాటాకి వెళ్ళడం ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. కొరియామా దాకా షింకన్‌సెన్, అక్కడ రైలు మారి ఐజు-వకమత్సు, మళ్ళీ మారి కిటాకాటా. సగం పూట పోతుంది. నలభై వేల పైచిలుకు జనం ఉన్న ఊళ్ళో వంద దాకా రామెన్ కొట్లు. తెల్లవారుజామున రామెన్ తినడం ఇక్కడి అలవాటు. రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు, పొలం పని ముగించుకొచ్చిన రైతులు మొదలుపెట్టారంటారు. బన్నాయ్ షొకుదో పొద్దున ఏడింటికే తెరుస్తుంది. నూడుల్స్ వెడల్పుగా, వంకీలు తిరిగి, నీటిశాతం ఎక్కువగా ఉండి జారుతుంటాయి. రసం తేట. పొద్దున్నే కడుపు మీద బరువు పడదు. ఐజు-వకమత్సులో బస చేసి తొలి రైలుకి వెళ్ళొచ్చు గానీ, కిటాకాటాలోనే ఒక రాత్రి ఉండడం మేలు. తిన్నాక పాత గోదాములు, సాకే (బియ్యంతో చేసే మద్యం) బట్టీలు చూసుకుంటూ నడవొచ్చు. ఊళ్ళో ఇంకేం లేదు. లేకపోవడమే బాగుంది.

టోక్యోని పూర్తిగా కొట్టిపారెయ్యను. పందిమాంసం తిననివాళ్ళకి అదే దిక్కు. మా ఆయన కోసం అసకుసాలో నరితాయాలో హలాల్ చికెన్ రామెన్ తిన్నాం. గింజాలోని కగారిలో కోడి ఎముకలతో చేసే చిక్కటి తెల్ల రసం దొరుకుతుంది, తోరి పైతాన్ అంటారు. టొంకొట్సు పిచ్చి ఉన్న నేను కూడా దానికి తల వంచాను. పూర్తి శాకాహారులకి టోక్యో స్టేషన్ టికెట్ గేట్ల లోపల టీస్ తన్‌తన్ అనే కొట్టు ఉంది. నువ్వుల ముద్దతో చేసే కారపు గిన్నెలో మాంసం, చేప, పాలు ఏవీ వెయ్యరు. ఇంకెక్కడైనా సరే, మెనూలో కూరగాయల రామెన్ అని ఉన్నా నమ్మి తినేయకండి. కింద రసం పందిదో చేపదో అయ్యే అవకాశమే ఎక్కువ, అడిగి తీసుకోండి.

మిషెలిన్ అనే భోజనశాలల గైడ్ ఇచ్చే నక్షత్రం ఉందని ఒకచోట వరసలో నిలబడ్డాం. గిన్నె చక్కగానే ఉంది, నిలబడ్డ సేపుకి తగ్గట్టు మాత్రం లేదు. షిన్-యొకొహామా రామెన్ మ్యూజియం మాత్రం వెళ్ళదగ్గది. 1994లో పెట్టారు. కింది అంతస్తుల్లో 1958 నాటి వీధిని కట్టారు, ఇన్‌స్టంట్ రామెన్ బజారులోకి వచ్చిన సంవత్సరం అది. వేరువేరు ప్రాంతాల కొట్లు ఒకేచోట ఉంటాయి. చిన్న గిన్నెలు కూడా అమ్ముతారు కాబట్టి ఒకే పూటలో రెండు మూడు రుచులు చూడొచ్చు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇది మంచిది.

ఒక మాట రైళ్ళ గురించి. 2023 అక్టోబరులో విదేశీ పర్యాటకులు రైళ్ళలో తిరగడానికి కొనుక్కునే వారం రోజుల జేఆర్ పాస్ 29,650 నుంచి 50,000 యెన్‌లకి పెరిగింది. టోక్యో నుంచి హకాటాకి రైల్లో ఐదు గంటలు, ఒకవైపు ఛార్జీ ఇరవైమూడు వేల దాకా. ముందుగా చూసుకుంటే విమానం చాలా చౌక. ఉత్తరాన హొక్కాయిదో దీవిలో ఉన్న సప్పోరోకి అయితే ఆలోచించక్కర్లేదు, విమానమే.

సప్పోరో మిసో రామెన్ ఊరు. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. పసుపుపచ్చ వంకీల నూడుల్స్, వెల్లుల్లి వేసి కడాయిలో ఎగరేసిన మొలకలు, పైన పంది కొవ్వు పొర. ఆ పొర వల్ల ఆవిరి కూడా లేవదు. చల్లారిందనుకుని జుర్రితే నాలుక కాలుతుంది. సుసుకినోలో గన్సో రామెన్ యొకొచో అనే సన్నటి సందు నిండా ఇవే కొట్లు. పర్యాటకుల కోసమే అని కొందరు చప్పరించేస్తారు. చలి సున్నాకి దిగువన ఉన్నప్పుడు, సందులోకి దూరగానే తలుపు దొరకడం చిన్న విషయం కాదు. పైన మొక్కజొన్న, వెన్న వేసుకోమంటారు. మొక్కజొన్న సరే, వెన్న మిసో ఘాటుని చంపేస్తుంది. నేను రెండోసారి వద్దన్నాను.

సందుకి వెళ్ళే తీరిక లేనివాళ్ళకి షిన్-చితోసే విమానాశ్రయంలో, దేశీయ టెర్మినల్ మూడో అంతస్తులో హొక్కాయిదో రామెన్ దోజో ఉంది. సప్పోరో మిసో, హకొదాతే ఉప్పు రసం, అసహికావా సోయా, అన్నీ పక్కపక్కనే దొరుకుతాయి. భద్రతా తనిఖీకి ముందే ఉంది కాబట్టి లోపలికి వెళ్ళిపోయాక గుర్తొస్తే లాభం లేదు. భోజనం వేళ వరస పెరుగుతుంది, విమానానికి రెండున్నర గంటల ముందు చేరుకుంటే నిదానంగా తినొచ్చు.