ఢిల్లీలో గిర్నార్ రాయి, మన ఊరి దగ్గర జౌగడ రాయి

ఒడిశాలోని మా బరంపురంలో ఎవరైనా ఢిల్లీ వెళ్తున్నారంటే ఎర్రకోట, కుతుబ్ మినార్, ఆగ్రా అంటారు. జనపథ్‌లోని నేషనల్ మ్యూజియం పేరు ఎవరి నోటా రాదు. మేం మాత్రం దాని కోసమే వెళ్లాం. నాన్న ఇక్కడి తెలుగు మీడియం బడిలో ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ మ్యూజియం ఒక్కసారి చూడాలని ఆయన కోరిక.

భువనేశ్వర్ దాకా వెళ్లి అక్కడ రైలెక్కాం. ఢిల్లీ స్టేషన్ దగ్గర రూమ్ బుక్ చేసినప్పుడు లిఫ్ట్ ఉందన్నారు. తీరా వెళ్తే లేదు, రూమేమో మూడో అంతస్తు. నాన్న మోకాళ్లు పట్టుకుని ఎక్కుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మర్నాడే కరోల్ బాగ్‌కి మారాం. అద్దె కాస్త ఎక్కువే, కానీ లిఫ్టూ ఉంది, మెట్రో కూడా దగ్గరే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు డబ్బు చూసుకోకండి. రాజీవ్ చౌక్‌లో లైను మారితే ఉద్యోగ్ భవన్ స్టేషన్, అక్కడి నుంచి మ్యూజియం దగ్గర. సోమవారం సెలవు. మ్యూజియాన్ని నార్త్, సౌత్ బ్లాకుల్లోకి మార్చే ఆలోచన ఉంది కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.

లోపల మొహెంజొదారో నర్తకి కంచు బొమ్మ దగ్గర అమ్మ కదల్లేదు. పుస్తకాల్లో బొమ్మ చూసి ఎంతో పెద్దదనుకున్నాం, నిజానికి 10.5 సెంటీమీటర్లే, జానెడు కూడా లేదు. ఎడమ చెయ్యి భుజం దాకా గాజులే. అమ్మ అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండుసార్లు తప్పి, మళ్లీ మొదటికొచ్చింది. నాగార్జునకొండ శిల్పాలు, 13వ శతాబ్దపు కోణార్క సూర్యుడు చూస్తే సొంతూరి వాళ్లు ఎదురైనట్టనిపించింది. అన్నీ చూడాలంటే ఒక్క పూట చాలదు.

అయితే నాన్నని నిలబెట్టేసింది లోపలి వస్తువు కాదు, బయట పెట్టిన, గుజరాత్‌లోని గిర్నార్ అశోక శాసనం నకలు. అశోకుడు పలుచోట్ల రాళ్ల మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల్లో 13వది అందులో ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, అందుకు తాను బాధపడుతున్నానని అశోకుడు చెప్పుకున్నది అందులోనే. "మన జౌగడ రాయి మీద ఇది లేదురా" అన్నారు నాన్న, మా బరంపురం దగ్గరే జౌగడలో ఉన్న అశోకుడి శాసనాల రాయిని తలుచుకుని. ఆ మాట అన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో తిన్నాం. పప్పు, గోంగూర మళ్లీ మళ్లీ వడ్డించారు. ఢిల్లీలో నాన్న కడుపు నిండా తిన్నది ఆ ఒక్కపూటే.

తిరిగొచ్చిన మరుసటి ఆదివారం జౌగడ వెళ్లాం. బరంపురానికి సుమారు 35 కిలోమీటర్లు, పురుషోత్తంపూర్ మీదుగా. మనవాళ్లు తారాతారిణి కొండకి వెళ్లి, ఋషికుల్యలో కాళ్లు కడుక్కుని ఇంటికొచ్చేస్తారు. పక్కనే ఉన్న ఈ రాయి వైపు ఎవరూ తిరగరు. పాతకోట మట్టిగోడల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రాయికి పైకప్పు వేసి చుట్టూ కటకటాలు పెట్టారు. కొంతభాగం పెచ్చులూడిపోయింది, మిగతా చోట అశోకుడి కాలంనాటి బ్రాహ్మీ లిపి అక్షరాలు కనిపిస్తాయి. నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. బస్సుని నమ్ముకోకుండా ఆటో రానూపోనూ మాట్లాడుకుంటే మంచిది.

ఇక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ 11, 12, 13 శాసనాలు చెక్కించలేదు. బదులుగా రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. ఈ ఊరిని అప్పట్లో సమాపా అనేవారు. ఇక్కడి అధికారులకు, మనుషులందరూ నా బిడ్డలే, వాళ్లని అన్యాయంగా బంధించకండి, హింసించకండి అని అశోకుడు రాయించాడు. ఓడిన ఈ కళింగ జనానికి ఆ చావుల లెక్క గుర్తుచెయ్యడం ఇష్టంలేకే 13వది వదిలేశాడని చాలామంది పండితుల అభిప్రాయం. నాన్న ఒప్పుకోలేదు. "పోయింది మనవాళ్లు. మనకి చెప్పకుండా గిర్నార్‌లో చెబితే ఎలా?" అన్నారు.

అమ్మ సంచిలోంచి పులిహోర తీసి చేతికిచ్చినా, కటకటాలు పట్టుకుని ఆ అక్షరాలవైపే చూస్తూ ఉండిపోయారు.