చోబే నది ఒడ్డున సఫారీ: ఏ నెలలో, ఏ బసలో, ఏ పడవలో

బోట్స్వానా ఉత్తరపు అంచున ఉన్న చోబే జాతీయ ఉద్యానానికి వెళ్లాలనుకునేవారు బస సంగతి చూసుకునే ముందే నెల తేల్చుకోవడం మంచిది. అంగోలా ఎగువ ప్రాంతాల్లో కురిసిన వాన క్వాండో, లిన్యాంతి అని పేర్లు మార్చుకుంటూ ప్రవహించి ఇక్కడికి వచ్చేసరికి చోబే అవుతుంది. మే నుంచి అక్టోబరు దాకా వానలు దాదాపు ఉండవు కనుక, అడవి లోపలి నీటి గుంటలు ఎండుతున్న కొద్దీ ఏనుగులు, అడవిదున్నలు మందలు మందలుగా నది ఒడ్డుకు దిగుతాయి. అక్టోబరులో జంతువులు పుష్కలంగా కనిపిస్తాయి గాని ఎండ రాయలసీమ వేసవిని గుర్తుచేస్తుంది. మేము ఆగస్టులో వెళ్లాము. తెల్లవారుజామున తెరచి ఉండే జీపులో చలికోటు లేనిదే కూర్చోలేము.

విక్టోరియా జలపాతం ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్లే కావడంతో చాలామంది ఉదయం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతుంటారు. 2021లో కజుంగుల వంతెన తెరిచాక జాంబియా వైపు నుంచి రావడం మరీ సులువైంది. అయినా నేను ఆ పద్ధతిని సమర్థించను. జంతువులు బాగా కనిపించే తెల్లవారుజాము, సూర్యాస్తమయానికి ముందరి గంటలు రెండూ ప్రయాణంలోనే పోతాయి.

నది ఒడ్డు భాగంలో ఉద్యానం లోపల ఉన్న శాశ్వత లాడ్జి చోబే గేమ్ లాడ్జి ఒక్కటే. అక్కడ విద్యుత్ పడవలు, మహిళా గైడ్లు ఉంటారు. ధర మాత్రం చాలా ఎక్కువ. మేము కసానే పట్టణంలో మధ్యతరగతికి అందే బసలో దిగాము, గేటు దగ్గరే కనుక లోటేమీ అనిపించలేదు. అవతలి ఒడ్డున నమీబియాలో ఉన్న లాడ్జీలు ప్రశాంతంగా ఉంటాయి గాని, ఉద్యానంలోకి రావాలంటే సరిహద్దు లాంఛనాలు తప్పవు. శాకాహారులు గది బుక్ చేసేటప్పుడే ఆ సంగతి రాసి పంపాలి. మలేరియా మాత్రల గురించి బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడగాలి.

ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి గాని పడవ దగ్గర మాత్రం వద్దు. మొదటి సాయంత్రం మమ్మల్ని ఎక్కించిన రెండంతస్తుల పడవలో జనం కిక్కిరిసి ఉన్నారు, ఏనుగు కనబడగానే అందరూ ఒకే పక్కకు ఒరిగారు. మరునాడు అదనంగా చెల్లించి చిన్న పడవ మాట్లాడుకున్నాము. నది మధ్యనున్న సెడూడు దీవి దగ్గర పడవవాడు ఇంజను ఆపేశాడు. (ఈ దీవి నమీబియాది కాదు, బోట్స్వానాదేనని 1999లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది.) ఎదురుగా ఒక ముసలి ఏనుగు నీళ్లలో నిలబడి గడ్డిని తొండంతో పెరికి, వేళ్లకంటిన బురద పోయేదాకా నీటిపై అటూ ఇటూ ఝాడించి, అప్పుడే నోట్లో పెట్టుకుంటోంది. ఆ నమిలే చప్పుడు మాకు స్పష్టంగా వినబడింది. కాసేపటికి ఒక మంద తొండాలు పైకెత్తి, పిల్లలను మధ్యలో పెట్టుకుని దీవికి ఈదింది.

జీపు సఫారీకి ఉదయం మేలు, పడవకు సాయంత్రం మేలు. రాత్రి సఫారీలకు ఇక్కడ అనుమతి లేదు, బాట వదిలి వాహనం నడపనివ్వరు. చిరుతను వెంబడించి దగ్గరగా చూడాలన్న కోరిక బలంగా ఉన్నవారు జాంబియాలోని దక్షిణ లువాంగ్వా జాతీయ ఉద్యానాన్ని ఎంచుకోవాలి. ఏనుగుల కోసమైతే చోబేలో రెండు రాత్రులకు తక్కువ కాకుండా ఉండాలి.