టోకెన్ పట్టని ల్యాప్‌టాప్: ఏడు నెలలు వాడాక నా మాట

అక్టోబరు 28 సాయంత్రం ఆరున్నరకి తెనాలి దగ్గర ఒక రైసు మిల్లు ఆఫీసు గదిలో కొత్త ల్యాప్‌టాప్ తెరిచాను. మిల్లు కంపెనీ బ్యాలెన్స్ షీటు ఆర్ఓసీలో, అంటే కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర, వేయడానికి రెండు రోజులే మిగిలాయి. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయల అదనపు ఫీజు. యజమాని బీరువా తెరిచి, చిన్న ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తీసి నా చేతిలో పెట్టారు. ల్యాప్‌టాప్ కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. అది పట్టే చోటు ఎక్కడా లేదు. "ఏమ్మా, పాడైపోయిందా?" అని కంగారుగా అడిగారాయన. టోకెన్ బాగానే ఉంది, ల్యాప్‌టాప్ కూడా బాగానే ఉంది. దానిలో ఇది పట్టదు, అంతే.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఆడిట్ ప్రాక్టీసు చేస్తాను. పాత ల్యాప్‌టాప్ ఎనిమిదేళ్ళు పనిచేసి అలసిపోయింది. దాని స్థానంలో హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపులో 92,000 పెట్టి ఇది కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నా ఇబ్బంది ఆ ఒక్క కంపెనీతో వచ్చింది కాదు. సన్నగా, తేలికగా ఉండే ఏ మోడల్ కొన్నా మీకూ ఇదే ఎదురవుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు బాగున్నవి చెప్పాలి. బరువు 1.2 కిలోలు. మెడ నొప్పితో బాధపడే నాకు ఇది చిన్న విషయం కాదు. క్లయింట్ల దగ్గరికి వెళ్ళిన రోజుల్లో సాయంత్రానికి భుజం లాగడం తగ్గింది. ఆన్ చేస్తే పది సెకన్లలో సిద్ధంగా ఉంటుంది. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద డేటా కూడా చకచకా తెరుచుకుంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఛార్జరు. టైప్-సీ కావడంతో ల్యాప్‌టాప్‌కీ ఫోనుకీ ఒకటే సరిపోతుంది. యూరప్‌లో 2024 డిసెంబరు నుంచి ఫోన్లకి, 2026 ఏప్రిల్ నుంచి ల్యాప్‌టాప్‌లకి టైప్-సీ ఛార్జింగ్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. ఆ మార్పు మంచిదని మనస్ఫూర్తిగా అంటాను. మా ఇంట్లో ఒక డ్రాయరు నిండా పనికిరాని ఛార్జర్లు ఉన్నాయి.

ఇక లేనివి. రెండు టైప్-సీ పోర్టులు, ఒక హెడ్‌ఫోన్ రంధ్రం, అంతే. పెన్‌డ్రైవ్ పట్టే పెద్ద యూఎస్‌బీ లేదు, టీవీకో ప్రొజెక్టర్‌కో బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ లేదు, ఇంటర్నెట్ తీగ పెట్టే లాన్ లేదు, మెమరీ కార్డు పెట్టే చోటు లేదు. సీడీ డ్రైవు ఎలాగూ ఉండదని తెలుసు. షాపులో కుర్రాడు ప్రాసెసర్ గురించి, స్క్రీన్ గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. మీ పని ఏమిటి, దీనికి ఏమేం తగిలిస్తారు అని ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. పెట్టె మీద పోర్టుల సంగతి ఉంది, కానీ అది చీమతలకాయంత అక్షరాల్లో, అన్నిటికన్నా కింద.

మా వృత్తిలో లేనివాళ్ళ కోసం టోకెన్ గురించి కాస్త చెప్తాను. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. అందులో ఒక మనిషి డిజిటల్ సంతకం ఉంటుంది. కంపెనీల ఫారాలకి, ఈ-టెండర్లకి, ఆడిట్ రిపోర్టులకి అదే సంతకం. దాన్ని కాపీ చేసి మెయిల్‌లో పంపడం కుదరదు. ఆ వస్తువే యంత్రానికి తగలాలి, పాస్‌వర్డ్ కొట్టాలి. నా క్లయింట్ల టోకెన్లు ఇప్పటివరకు ఎన్ని చూశానో, అన్నీ పెద్ద యూఎస్‌బీవే. రెండు మూడేళ్ళకోసారి సర్టిఫికెట్ రెన్యువల్ చేయించినా, చాలామంది ఆ పాత టోకెన్‌లోనే ఎక్కించుకుంటారు. ల్యాప్‌టాప్‌లు ముందుకి వెళ్ళాయి కానీ వాటికి తగిలించాల్సిన టోకెన్ వెనకే ఉండిపోయింది.

ఆ సాయంత్రం మిల్లు గుమాస్తా మోటర్‌సైకిలు మీద తెనాలి వెళ్ళి, ఒక మొబైల్ షాపులో, పెద్ద యూఎస్‌బీని టైప్-సీకి తగిలించే 150 రూపాయల ఓటీజీ అడాప్టర్ తెచ్చాడు. బొటనవేలి గోరంత ముక్క. టోకెన్ దానికి పెట్టి, దాన్ని ల్యాప్‌టాప్‌కి పెట్టాను. చిన్న లైటు వెలిగింది. అప్పుడు చూసిందొకటి చెప్పాలి. విండోస్‌లో ఆ టోకెన్ ఒక సీడీ డ్రైవుగా కనిపించింది. లోపల డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది ఇన్‌స్టాల్ చేసుకోవడానికి అలా పెట్టారు. సీడీ వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా దాని రూపం ఇంకా ఇలా బతికే ఉంది. రాత్రి తొమ్మిదికి ఫారం ఎక్కింది. యజమాని టోకెన్‌ని మళ్ళీ అదే కవర్లో పెట్టి బీరువా తాళం వేశాక గాని నా టెన్షన్ తగ్గలేదు.

ఒక్కసారి ఎలాగోలా గడిచిపోయింది. రోజూ అలా కుదరదు. ఒక పోర్టులో ఛార్జరు, ఇంకో దాంట్లో టోకెన్ పెడితే క్లయింట్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌కి చోటు లేదు. అందుకని ఒక్క పోర్టుకి తగిలిస్తే చాలా పోర్టులు ఇచ్చే హబ్ ఒకటి ఆన్‌లైన్లో 900 రూపాయలకి కొన్నాను. నా డబ్బు వృథా అయింది ఇక్కడే. మొదటి రోజే వైర్‌లెస్ మౌస్ తడబడటం మొదలైంది. బ్యాటరీ మార్చినా తగ్గలేదు. కారణం తర్వాత తెలిసింది. యూఎస్‌బీ 3.0 పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో రాసింది. మౌస్ రిసీవర్ కూడా అదే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది. రెండూ ఒకే హబ్‌లో పక్కపక్కన ఉంటే మౌస్‌కి సిగ్నల్ సరిగ్గా అందదు. రిసీవర్‌ని అరమీటరు ఎక్స్‌టెన్షన్ తీగ చివర పెడితే సమస్య పోయింది.

రెండోది ఇంతకన్నా పెద్ద ఇబ్బంది. హబ్‌కి టోకెన్ తగిలి ఉండగా ఛార్జరు పెట్టినా, తీసినా హబ్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ క్షణంలో టోకెన్ తెగిపోతుంది. జీఎస్టీ పోర్టల్‌లో టోకెన్‌తో సంతకం చేయించే ఎంసైనర్ సాఫ్ట్‌వేర్‌తో తంటాలు పడినవాళ్ళకి దీని అర్థం తెలుసు. సంతకం మధ్యలో ఆగిపోతుంది, పేజీ మొదటికి వస్తుంది, క్లయింట్ ముందు కూర్చుని మళ్ళీ మొదట్నుంచి చేయాలి. ఇప్పుడు నా పద్ధతి ఇది. సంతకాలు మొదలుపెట్టే ముందే ఛార్జరు పెట్టేస్తాను, అయ్యేదాకా దాన్ని ముట్టుకోను. టోకెన్‌ని హబ్‌కి పెట్టకుండా ఆ 150 రూపాయల అడాప్టర్‌తో నేరుగా రెండో పోర్టుకి పెడతాను. టోకెన్‌కి వేగం అక్కర్లేదు, తెగకుండా ఉంటే చాలు.

తర్వాత 3,400 పెట్టి మంచి హబ్ కొన్నాను. మూడు పెద్ద యూఎస్‌బీలు, గిగాబిట్ లాన్, హెచ్‌డీఎంఐ, మెమరీ కార్డు అన్నీ ఉన్నాయి. ఆరు నెలలుగా ఇబ్బంది లేదు. వేడెక్కుతుంది, కానీ చెయ్యి కాలేంత కాదు. కొనేవాళ్ళు రెండు సంగతులు చూసుకోండి. హెచ్‌డీఎంఐ దగ్గర 4కే 30 అని ఉంటే తెర మీద మౌస్ బరువుగా కదులుతుంది, 60 అని ఉన్నది తీసుకోండి. ఛార్జరు ఇచ్చే వాట్లలో కొంత హబ్ తన కోసం ఉంచుకుంటుంది. 65 వాట్ల ఛార్జరు హబ్ ద్వారా పెడితే ల్యాప్‌టాప్‌కి 65 అందవు.

ఇంకొకటి ఉంది, అది తెలుసుకోడానికి నాకు రెండు నెలలు పట్టింది. రెండు టైప్-సీ రంధ్రాలూ చూడ్డానికి ఒకేలా ఉన్నా చేసే పని ఒకటి కాదు. నా ల్యాప్‌టాప్‌లో ఒక రంధ్రం మాత్రమే బయటి తెరకి బొమ్మ పంపుతుంది. రెండోది ఛార్జింగ్, ఫైళ్ళు వరకే. మా ఊళ్ళో జీఎస్టీ మీద మాట్లాడడానికి వెళ్ళిన రోజున హబ్‌ని ఆ రెండో దానికి పెట్టి, ప్రొజెక్టర్ పాడైందనుకుని పావుగంట నలుగురం దాని చుట్టూ తిరిగాం. ఆ ప్రొజెక్టర్ వీజీఏది. 1987లో ఐబీఎం తెచ్చిన 15 పిన్నుల నీలం ప్లగ్గు. 2015 నాటికి దాన్ని వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ 2010లోనే ప్రకటించాయి. మన కళ్యాణ మండపాల్లో, కాలేజీ హాళ్ళలో మాత్రం అది ఇంకా గోడకి వేలాడుతోంది. కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే ముక్క కూడా ఇప్పుడు నా బ్యాగులో ఉంటుంది.

పాతవి పోవడం నాకు కొత్త కాదు. 2004లో ఆడిటర్ దగ్గర శిక్షణగా ఆర్టికల్స్ చేస్తున్నప్పుడు ఈ-టీడీఎస్ (ముందే కోసిన పన్ను) రిటర్నులు ఫ్లాపీలో ఎక్కించి, ఫారం 27ఏ కాగితం జతచేసి, వాటిని తీసుకునే టిన్ సెంటరుకి పట్టుకెళ్ళేదాన్ని. 1.44 ఎంబీ ఫ్లాపీ. అక్కడ తెరుచుకోకపోతే మళ్ళీ రావాలని మా సార్ ఎప్పుడూ రెండు ఇచ్చి పంపేవారు. యాపిల్ 1998లోనే ఐమ్యాక్ నుంచి ఫ్లాపీ డ్రైవు తీసేసింది. సోనీ 2011లో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకమే ఆపేసింది. నాకు ఒక్కరోజు కూడా బాధ అనిపించలేదు. ఎందుకంటే ఆ లోపల రిటర్నులు తీసుకునే పద్ధతీ మారింది. ఫ్లాపీ పోయి సీడీ, పెన్‌డ్రైవ్ వచ్చాయి, తర్వాత ఇంట్లో కూర్చుని ఎక్కించడం వచ్చింది. అవతలివాళ్ళు సిద్ధమయ్యాక తీసేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి హెచ్‌డీఎంఐ, మెమరీ కార్డు చోటు తీసేసిన యాపిలే 2021లో 14, 16 అంగుళాల మోడళ్ళలో రెండూ తిరిగి పెట్టింది. అంటే వాడేవాళ్ళ మాట వింటే వెనక్కి తేవడం అసాధ్యమేమీ కాదు. సన్నదనం కోసం తీసేశామంటే కొంతవరకు ఒప్పుకుంటాను. లాన్ పోర్టు నిజంగానే మందం, 12 సెంటీమీటర్ల డిస్కు తిరిగే చోటులో ఇప్పుడు బ్యాటరీ కూర్చుంది. కానీ పెద్ద యూఎస్‌బీ ప్లగ్గు మందం నాలుగున్నర మిల్లీమీటర్లే. ఆ ఒక్కటి ఉంచి ఉండాల్సింది.

సీడీ డ్రైవు లేని లోటు ఆఫీసులో కన్నా ఇంట్లో ఎక్కువ తెలిసింది. ఫిబ్రవరిలో అమ్మకి నడుము నొప్పి తిరగబెట్టింది. కొత్త ఎంఆర్ఐ చూసిన డాక్టరు గారు, "పాతది ఉందా అమ్మా? పోల్చి చూస్తే ఆపరేషన్ అవసరమా కాదా తెలుస్తుంది" అన్నారు. 2016లో తీయించింది సీడీలో ఉంది. అమ్మ దాన్ని తన చీరల మధ్య పెట్టుకుంది. ఆస్పత్రిలో ఆయన కంప్యూటర్‌కి డ్రైవు లేదు, నా ల్యాప్‌టాప్‌కి లేదు, మా అబ్బాయిదానికీ లేదు. మూడు యంత్రాల మధ్య ఆ సీడీ పట్టుకుని నిలబడినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సాయంత్రమే 1,800 పెట్టి బయట తగిలించే డీవీడీ రైటర్ కొన్నాను. దాని తీగ కూడా పెద్ద యూఎస్‌బీదే, మళ్ళీ హబ్ కావాల్సి వచ్చింది. సీడీ చాలాసేపు గర్‌గర్‌మని తిరిగింది. అమ్మ పక్కన కూర్చుని "పాడైందేమో, మడత పడకుండానే పెట్టానే" అంటోంది. చివరికి తెరుచుకుంది. బొమ్మలు చూసే ప్రోగ్రామ్ కూడా అందులోనే ఉంది. మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి తీసి మర్నాడు డాక్టరు గారికిచ్చాను. పెద్ద తేడా లేదు, వ్యాయామంతో చూద్దాం అన్నారు.

ఆ వారమే ఆఫీసులో ట్యాలీ 7.2 రోజుల బ్యాకప్ సీడీలు 14 బయటికి తీశాను. తొమ్మిది తెరుచుకున్నాయి. ఐదు పోయాయి. వాటిలో ఒకటి పాత జిన్నింగ్ మిల్లు భాగస్వాముల లెక్కలు. రాసే సీడీల్లో రంగుపూత మీద డేటా ఉంటుంది, ఏళ్ళు గడిస్తే, ఎండ తగిలితే అది చెడిపోతుంది. మీ ఇళ్ళల్లో పెళ్ళి సీడీలు, స్కానింగ్ సీడీలు ఉంటే ఈ నెలలోనే తీసి రెండుచోట్ల పెట్టుకోండి. దయచేసి వాయిదా వేయకండి.

ఈ ల్యాప్‌టాప్‌కి నేను ఐదుకి మూడు ఇస్తాను. యంత్రం మంచిదే. కానీ దాని అసలు ధర 92,000 కాదు. హబ్‌లు, అడాప్టర్, డ్రైవు కలిపితే ఇంకో 6,250 అయింది. ఆడిటర్లు, కాంట్రాక్టర్లు, వేలిముద్ర యంత్రాలు పెట్టుకునే సెంటర్లవాళ్ళు కనీసం ఒక పెద్ద యూఎస్‌బీ, ఒక హెచ్‌డీఎంఐ ఉన్న మోడలే కొనండి. మూడువందల గ్రాములు బరువెక్కినా పర్వాలేదు. లాన్ కూడా కావాలంటే ఆఫీసు వాడకానికని అమ్మే వరసల్లో వెతకండి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ14 లాంటివాటిలో అది ఉంది. షాపుకి వెళ్ళేటప్పుడు మీ టోకెన్, పెన్‌డ్రైవ్, మౌస్ రిసీవర్ జేబులో వేసుకెళ్ళి, డబ్బు కట్టకముందే అక్కడే పెట్టి చూడండి. మా అసిస్టెంటుకి మార్చిలో అలా చూసే తీసుకున్నాను, 58,000. రోజూ సంతకాల పని ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.

డీవీడీ రైటర్ మాత్రం మా మేడ మీద ఉండడం తక్కువ. ముందు పక్కింటి టీచర్ గారు కూతురి పెళ్ళి డిస్కుల కోసం తీసుకెళ్ళారు. ప్రస్తుతం కింది అంతస్తు లాయరు గారి దగ్గర ఉంది. శుక్రవారం ఇస్తానన్నారు.