మనాలీ నుంచి లేహ్‌కు సైకిల్ మీద పది రాత్రులు

జిస్పాలో సంచి విప్పేసరికి గోంగూర పచ్చడి ప్యాకెట్టు పూరీలా ఉబ్బి కూర్చుంది. విశాఖలో కొన్నప్పుడు జేబులో పట్టేంత పల్చగా ఉన్నది, ఇప్పుడు వేలితో నొక్కితే పగిలేటట్టుంది. బయట గాలి పల్చబడింది, లోపలి గాలి మాత్రం సముద్రమట్టం నాటిదే. మా బావమరిది దాన్ని చెవి దగ్గర ఆడించి చూసి, "బావా, మన తలకాయల్లో కూడా ఇలాగే అవుతోందంటారా?" అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ మర్నాడు రాత్రి సర్చూలో నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

ఈ ప్రయాణం గురించి చెప్పమంటే అందరూ కనుమల గురించి అడుగుతారు. రోహ్‌తాంగ్ ఎలా ఎక్కారు, తంగ్లాంగ్ లా ('లా' అంటే కనుమ) ఎంత ఎత్తు, ఎన్నిసార్లు దిగి నడిపించారు అని. నా లెక్కలో అవి రెండో వరస ప్రశ్నలు. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారన్నది ముందు తేల్చుకుంటే పగలు తొక్కడం దానంతటదే సర్దుకుంటుంది. అది తేల్చుకున్నాక కూడా నేను దాన్ని కాదని ఒకరోజు తప్పు చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాళ్ల సంగతి ముందే చెప్పేస్తాను. ఆరు నెలలపాటు వారాంతాల్లో శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగాం. ఆ ఘాట్‌లో కొన్ని మలుపులు మనాలీ–లేహ్ దారి కంటే నిటారుగా అనిపించాయంటే నమ్మరు. హిమాలయాల్లో సరిహద్దు రహదారుల సంస్థ రోడ్లు వేసింది బరువు లారీలు ఎక్కడానికి. అందుకే కొండను అడ్డంగా కోసి, తిప్పి తిప్పి పైకి తీసుకెళ్తారు. వాలు ఒక మాదిరిగానే ఉంటుంది, కాకపోతే గంటల తరబడి తరగదు. పైగా ప్రతి వెయ్యి మీటర్లకూ ఊపిరి మరికొంత కురచబడుతుంది. ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్ద పళ్లచక్రం ఉన్న గేరు లేకుండా ఈ దారికి వెళ్లకూడదు. సంచులతో కలిపి నా సైకిల్ మీద పద్నాలుగు కిలోల సామాను ఉంది. దిగి నడిపించడం మొదలుపెడితే అంతకంటే ఆయాసం.

నా సైకిల్‌ను అట్టపెట్టెలో కట్టి ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో తెచ్చాను. బావమరిది మనాలీలో అద్దెకు తీసుకున్నాడు. అద్దె సైకిల్‌లో సుఖం ఉంది. పెట్టె మోత ఉండదు, చివర లేహ్‌లో అప్పగిస్తే జీపులో వాళ్లే వెనక్కు తెప్పించుకుంటారు, కాకపోతే దానికి వేరే డబ్బులు. కష్టం ఏమిటంటే దుకాణం ముందు రెండు వందల గజాలు తొక్కి చూస్తే ఏదీ తెలియదు. అతని సైకిల్ వెనక బ్రేకు ప్యాడ్లు లోహం దాకా అరిగిపోయి ఉన్నాయని రోహ్‌తాంగ్ అవతలి దిగుడులో గీరుమన్నప్పుడు తెలిసింది. నా దగ్గర రెండు జతలు అదనంగా ఉన్నాయి, అదృష్టం కొద్దీ సరిపోయాయి. అద్దెకు తీసుకునేవాళ్లు చక్రాలు విప్పించి ప్యాడ్లు కళ్లతో చూడండి. మొహమాటపడకండి.

వెనక జీపు, వంటవాడు, డేరాలతో తీసుకెళ్లే సంస్థలు మనాలీలో ఉన్నాయి. మేం వద్దనుకున్నాం. డబ్బు ఒక కారణం. రెండోది, వాళ్ల పట్టికలో ఏ రోజు ఎక్కడ ఆగాలో ముందే రాసి ఉంటుంది, ఒంట్లో బాగాలేదని ఒకరి కోసం పదిమందిని ఆపరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు, ఒంటరిగా వెళ్లేవాళ్లకు మాత్రం ఆ జీపు ధైర్యం విలువైనదే.

2020 అక్టోబర్‌లో అటల్ సొరంగం తెరిచాక మనాలీ నుంచి కనుమ అవతలి లాహౌల్ లోయకు దారి తొమ్మిది కిలోమీటర్ల సొరంగంతో తేలిపోయింది. మేం పాత దారే పట్టాం. మనాలీ ఎత్తు 2,050 మీటర్లు, 51 కిలోమీటర్ల దూరంలో రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు. ఆ ఎక్కుడును మధ్యలో మఢీ దగ్గర రెండుగా విరిచాం. మఢీ రాత్రి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. తడి పరుపు, పొగ వాసన, వాన. ఆగస్టు చివరి వారం కావడంతో ఈ వైపు రోడ్డు పేడముద్దలా ఉంది. మర్నాడు కనుమ మీద మంచు చూద్దామని టాక్సీల్లో వచ్చిన జనం మా బురద కాళ్లతో ఫొటోలు దిగారు. అవతలికి దిగగానే వాన ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. రుతుపవనాలకు రోహ్‌తాంగ్ గోడ. ఇటు దేవదారులు, అటు బోడి కొండలు.

కోక్‌సర్, కేలాంగ్, జిస్పా మూడింటిలో ఒక్కో రాత్రి ఉన్నాం. మూడూ 3,100, 3,200 మీటర్ల దరిదాపుల్లో ఉండటంతో ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి వీటిని మించిన చోటు లేదు. కోక్‌సర్‌లో చంద్రా నది హోరుకు నిద్ర పట్టలేదు. కేలాంగ్ ఊరు లాంటి ఊరు. వేడినీళ్లు, ఆసుపత్రి, ఏటీఎం అన్నీ ఉన్నాయి. అక్కడే నగదు తీసుకోండి, ఆ తర్వాత లేహ్ దరిదాపుల దాకా మాకు ఏటీఎం కనబడలేదు. ఫోను విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అది ఉన్నా చాలాచోట్ల సిగ్నల్ ఉండదనుకోండి. కేలాంగ్‌కు ముందు, చంద్ర, భాగ నదులు కలిసే తాండీ పెట్రోలు బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని పెద్ద బోర్డు ఉంటుంది. మా ఇంధనం పరాఠాలు కాబట్టి మమ్మల్ని అది పెద్దగా భయపెట్టలేదు.

మూడింటిలో నాకు నచ్చింది జిస్పా. భాగా నది పక్కన చిన్న అతిథిగృహం, పైన దుప్పటి మీద దుప్పటి, పొద్దున్నే పెరట్లో ఎండ. ఇక్కడ రెండు రాత్రులు ఉండాల్సింది. ఉండలేదు.

మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగమనీ పర్వత వైద్యులు చెబుతారు. ఆ లెక్కకు దగ్గరగా ఉండాలంటే జిస్పా తర్వాత పత్సియోలో ఆగాలి. మేం కాగితం మీద దానికి పైనున్న జింగ్‌జింగ్‌బార్ రాసుకున్నాం, అదే ఎక్కువ. తీరా అక్కడికి మధ్యాహ్నం పన్నెండుకే చేరిపోయాం. కాళ్లు బాగున్నాయి, ఎండ బాగుంది, వెనక గాలి. "ఇంకా ఆరేడు గంటల వెలుతురు ఉంది బావా, బారాలాచా ఎక్కేస్తే అవతల అంతా దిగుడే కదా" అన్నాడు. పెద్దవాణ్ని, నేనే వద్దనాలి. తలూపాను.

బారాలాచా లా 4,890 మీటర్లు. ఎక్కడం అనుకున్నంత కష్టపెట్టలేదు, దారిలో సూరజ్ తాల్ నీళ్లు పచ్చరాయిలా మెరిశాయి. దెబ్బ అవతల పడింది. మంచు కరిగి పారే వాగులు పొద్దున చీలమండ లోతు ఉంటాయి, ఎండ ముదిరాక మోకాలి దాకా వస్తాయి. ఆ రోడ్డు మీద సాయంత్రం వాగు దాటకూడదని తెలిసీ నాలుగు గంటలకు దాటాం. బూట్లు విప్పి మెడలో వేసుకుని, సైకిల్‌ను ప్రవాహానికి ఎగువన పెట్టుకుని నడిచాను. మధ్యలోకి వచ్చేసరికి పాదాలు ఉన్నట్టే తెలియలేదు. రాయి మీద అడుగు పడిందో, రాయే పాదం మీద పడిందో గట్టెక్కాక రక్తం చూస్తే గానీ అర్థం కాలేదు.

చీకటి పడ్డాక సర్చూ చేరాం. 4,290 మీటర్లు. అంటే ముందు రాత్రి కంటే పడక దాదాపు పదకొండు వందల మీటర్లు పైకి లేచింది. పదింటికి తలనొప్పి మొదలైంది, కణతల దగ్గర ఎవరో లోపలినుంచి రోకలితో దంచుతున్నట్టు. పన్నెండుకు బావమరిది డేరా బయట వాంతి చేసుకున్నాడు. ఇలాంటప్పుడు మందు ఒక్కటే, కిందికి దిగడం. టార్చి వెలుగులో పటం తెరిచి చూస్తే అప్పుడు తట్టింది. సర్చూ నుంచి వెనక్కు దిగాలంటే బారాలాచా మళ్లీ ఎక్కాలి. ముందుకు పోతే నకీలా, లాచులుంగ్ లా. ఇక్కడినుంచి తంగ్లాంగ్ లా దాటేదాకా రోడ్డు నాలుగు వేల మీటర్ల కిందికి దిగదు. దిగాలంటే ముందు ఎక్కాలి. ఈ దారి అసలు గడుసుతనం ఇదే. ఇది నాకు వెళ్లకముందు తెలుసు. కాగితం మీద తెలియడం వేరు.

మర్నాడు కదల్లేదు. డేరా నడిపే దీదీ మా మొహాలు చూసి అడక్కుండానే వెల్లుల్లి సూపు పెట్టింది, అది మందో కాదో గానీ వేడిగా కడుపులో నిలిచింది. వైద్యుణ్ని అడిగి వెంట తెచ్చుకున్న డయామాక్స్ మాత్రలు అప్పటికే వేసుకుంటున్నాం. వాటితో వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కుతాయి, కూల్‌డ్రింకు తాగితే గ్యాసు పోయిన పంచదార నీళ్లలా ఉంటుంది. మాత్ర ఉంది కదా అని ఎత్తు పెంచేయవచ్చనుకోవడం మా తప్పే. సాయంత్రానికి తల తేలికపడింది. మాటలు తడబడినా, అడుగు తూలినా అప్పుడు సైకిళ్లు వదిలేసి దొరికిన బండి ఎక్కేద్దామని ముందే అనుకున్నాం. ఆ అవసరం రాలేదు.

సర్చూలో బస రెండు రకాలు. మంచాలు, స్నానాల గది ఉన్న పెద్ద గుడారాలకు ఇద్దరికి రెండున్నర వేలు అడిగారు. ధాబాలో వరసగా పరిచిన పరుపు మనిషికి మూడు వందలు. నేనైతే రెండోదానికే ఓటు వేస్తాను. పెద్ద గుడారంలో గాలి అన్ని వైపుల నుంచీ దూరుతుంది. ధాబాలో పొయ్యి ఉంటుంది, పక్కన లారీ డ్రైవర్లు ఉంటారు, అర్ధరాత్రి ఎవరికైనా బాగా లేకపోతే లేచి చూసే మనిషి ఉంటుంది. గురకలు భరించాలి. దుప్పట్ల శుభ్రత గురించి అడగకండి, సొంత నిద్రసంచి తీసుకెళ్లండి.

ఆ తర్వాత గాటా లూప్స్. ఇరవై ఒక్క మలుపులు, కింది నుంచి పైకి దాదాపు నాలుగున్నర వందల మీటర్లు. అందరూ భయపెట్టే ఈ మెలికలే మొత్తం దారిలో నాకు అత్యంత ఇష్టమైన ఎక్కుడు. ప్రతి మలుపు దగ్గరా చదునుగా కాస్త నేల, అక్కడ నిలబడి పది ఊపిర్లు తీసుకుని మళ్లీ మొదలు. అంకెలు లెక్కపెట్టుకుంటూ ఎక్కవచ్చు. పైకి పోతున్నప్పుడు ఒకచోట నీళ్ల సీసాల కుప్ప ఉంటుంది. మంచులో చిక్కుకుని దాహంతో పోయిన లారీ క్లీనరు ఆత్మకట, దారిన పోయేవాళ్లు నీళ్లు పెడతారు. బావమరిది తన సీసాలో సగం పెట్టాడు. మిగిలిన సగంతో విస్కీ నాలా దాకా గొంతు తడుపుకున్నాం. అక్కడి డేరాలో బయట నీళ్లు గడ్డకట్టాయి. నిద్ర పట్టక పోయినా తల నొప్పి పెట్టలేదు, అదే గొప్ప.

లాచులుంగ్ లా అయిదు వేలు దాటిన మొదటి కనుమ. దానికంటే అవతలి దిగుడు చంపింది. రాళ్లు, దుమ్ము. లారీ దాటిపోతే హ్యాండిల్ కూడా కనబడదు. పాంగ్‌లో సైన్యం శిబిరం, వరసగా ధాబాలు ఉన్నాయి. ఇంత ఎత్తులో నీళ్లు ఎనభై అయిదు డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గిన్నెలో అన్నం ఉడకదు. అందుకే ప్రతి ధాబాలో కుక్కర్ కూతలు. ఆ వేడన్నంలో రాజ్మా పోసుకుని, పూరీలా ఉబ్బిన ఆ గోంగూర ప్యాకెట్టు కత్తిరిస్తే టప్పుమని పేలి సగం నా చొక్కా మీద పడింది. మిగతా సగం ధాబా యజమాని కూడా రుచి చూశాడు. కళ్లనీళ్లు పెట్టుకుని ఇంకాస్త అడిగాడు.

మోరే మైదానం దాదాపు నలభై కిలోమీటర్లు చదును, రోడ్డు అద్దంలా ఉంది. మధ్యాహ్నం దాటాక ఎదురుగాలి ఎంత బలంగా కొట్టిందంటే, చదును నేల మీద ఘాట్ ఎక్కే గేరులో తొక్కాం. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే పదకొండు లోపు దాటేయవచ్చు. మేం ఎనిమిదింటికి బయల్దేరాం, ఆలూ పరాఠా కోసం. దూరంగా అడవి గాడిదలు మాతో పాటే కాసేపు పరిగెత్తి, విసుగొచ్చి వెళ్లిపోయాయి.

డెబ్రింగ్ డేరాలో పడుకుని మర్నాడు తంగ్లాంగ్ లా. 5,328 మీటర్లు, గాలి పీడనం మన సముద్రతీరంతో పోలిస్తే సగం. వాలు మెత్తనే. నలభై పెడళ్లు, ఆగు, మళ్లీ నలభై. పైన గుడ్డ జెండాలు, చలి, అయిదు నిమిషాలు. అంతకుమించి నిలవాలనిపించలేదు.

రుమ్‌త్సేలో ఒక ఇంట్లో బస చేశాం. ఈ పది రాత్రుల్లో అన్నింటికంటే మంచి బస అదే. మట్టి గోడలు, బార్లీ పొలం, వారం తర్వాత మొదటి చెట్టు. రాత్రి తొమ్మిదికి పడుకుని పొద్దున ఏడు దాకా ఒక్కసారి కూడా లేవలేదు. ఒళ్లు కిందికి దిగిందని ఆ నిద్రే చెప్పింది.

ఉప్‌షీ దగ్గర సింధు నది, అక్కడినుంచి లేహ్ యాభై కిలోమీటర్లు. నది వెంట హాయిగా వెళ్లిపోవచ్చనుకున్నాం. ఊరు మాత్రం నది ఒడ్డున లేదు, పైన 3,500 మీటర్ల దగ్గర ఉంది. చివరి ఏడెనిమిది కిలోమీటర్లూ ఎక్కుడు, ట్రాఫిక్, హారన్లు. అయిదు కనుమలు దాటినవాళ్లం, ఊళ్లోకి వెళ్లే ఆ రోడ్డు మీద చిన్న గేరులో ఈడ్చుకుంటూ పోతుంటే, వెనక సీటు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకున్న ఒకావిడ మామూలు సైకిల్ మీద మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది. పిల్లాడు వెనక్కి తిరిగి చెయ్యూపాడు. బావమరిది ఆగి, హ్యాండిల్ మీద తల ఆనించి, "బావా, తిరుగు ప్రయాణం విమానమే కదా?" అన్నాడు.