సున్నా వడ్డీ కార్డులు: ఏడేళ్లు వాడాక నా మాట

ఏడేళ్లుగా నా దగ్గర రెండు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకటి మామూలుది. బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తే వడ్డీ పడదు. రెండోది, వేరే చోట ఉన్న బాకీని దాని మీదకు మార్చుకుంటే 12 నెలలు వడ్డీ అడగనిది. రెంటినీ ‘వడ్డీ లేని కార్డు’ అనే అమ్ముతారు. తీరు మాత్రం దేనిది దానిదే. మొదటిదాన్ని అర్థం చేసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, అదీ చేతి డబ్బు వదిలాక.

ముందు దాని మంచి చెప్తాను. నా బిల్లు ప్రతి నెలా 5న తయారవుతుంది, గడువు 25. ఆరో తేదీన ఏదైనా కొంటే అది వచ్చే నెల 5న బిల్లులోకి ఎక్కుతుంది, 25న కడితే చాలు. దాదాపు 50 రోజులు పరాయి డబ్బు ఊరికే వాడుకున్నట్టు. అదే వస్తువు నాలుగో తేదీన కొంటే దక్కేవి 21 రోజులే. ప్రకటనలో ‘50 రోజుల దాకా’ అంటారు చూడండి, కిటుకంతా ఆ ‘దాకా’లో ఉంది. తొందర లేని పెద్ద ఖర్చయితే ఆరో తేదీ దాటేదాకా ఆగుతాను. ఈ తేదీలు కూడా నా జీతం రోజుకు తగ్గట్టు అడిగి మార్పించుకున్నవే. అడిగితే మారుస్తారన్న సంగతే చాలాకాలం తెలియదు నాకు.

ఇక దెబ్బ తిన్న కథ. రెండో ఏడాది ఒక నెల బిల్లు 40,380 వచ్చింది. గుండుగుత్తగా 40,000 కట్టేసి, మిగతాది వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. 380 మీద వడ్డీ ఏపాటి! తర్వాతి బిల్లులో వడ్డీ ఒక్కటే ఆ 380కి మూడింతలు దాటింది. లెక్క తప్పిందని ఫోన్ చేసి గొడవపడ్డాను. అవతలి మనిషి ఓపిగ్గా నిబంధన చదివి వినిపించారు. బిల్లులో కొంచెం మిగిల్చినా ఉచిత గడువు పోతుంది, ప్రతి కొనుగోలు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కగడతారు. నెలకు 3 శాతం చొప్పున 40 వేల మీద, కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా సగటున ముప్పయ్యయిదు రోజులకు ఎంతో మీరే వేసుకోండి. బాకీ మిగిలున్నంత కాలం కొత్తగా కొన్నవాటికీ ఆ గడువు ఉండదట. అంతా కట్టేశాక కూడా ఇంకో బిల్లులో చిన్న వడ్డీ తోక కనిపించింది. బిల్లు తయారైన రోజుకీ నేను కట్టిన రోజుకీ మధ్య పుట్టిందది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. అన్ని కార్డులూ ఇంత కఠినంగా ఉండవు, కొన్ని మిగిలిన మొత్తం మీదే వడ్డీ వేస్తాయి. కార్డు ఎంచుకునేటప్పుడు బహుమతి పాయింట్ల కంటే ముందు నేను వెతికే వాక్యం ఇప్పుడు ఇదే.

ఆ తర్వాత ఆటో పే, అంటే బిల్లు డబ్బు బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్టుకుపోయే ఏర్పాటు, పెట్టుకున్నాను. అక్కడ ‘కనీస మొత్తం’, ‘పూర్తి బిల్లు’ అని రెండుంటే, ముందే టిక్ పెట్టి ఉన్నది కనీస మొత్తానికి! మార్చాను.

ఏటీఎంలో ఈ కార్డుతో నగదు ఒకే ఒక్కసారి తీశాను. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము. మళ్లీ ఆ పని చేయలేదు.

రెండో కార్డు నాకు నిజంగా అక్కరకొచ్చింది. ఒకసారి 60,000 బాకీ పేరుకుపోతే దీని మీదకు మార్చాను. వడ్డీ సున్నా, బదిలీ రుసుము 3 శాతం, అంటే 1,800. మొత్తం 61,800ని పన్నెండుతో భాగిస్తే నెలకు 5,150. ఆ అంకె కాగితం మీద రాసి పెట్టుకుని అంతే కట్టాను. బిల్లులో అడిగే కనీస మొత్తం, అంటే మిగిలినదాంట్లో 5 శాతం, కట్టుకుంటూ పోయుంటే ఏడాది చివర ఇంకా 33 వేల పైనే నిలిచుండేది. ఆ రోజు నుంచి మామూలు వడ్డీ మొదలు. పన్నెండు నెలలూ కార్డు ఇచ్చిన రోజు నుంచి లెక్క, బాకీ మార్చిన రోజు నుంచి కాదు. నేను మూడు వారాలు ఆలస్యంగా మార్చినందుకు ఆఖరి వాయిదా ముందుగానే కట్టేయాల్సి వచ్చింది. ఒక్క వాయిదా ఆలస్యమైనా సున్నా రద్దు చేసే హక్కు వాళ్లకుందని ఒప్పందంలోనే ఉంది. ఆ సున్నా మార్చిన బాకీకే, కొత్త కొనుగోళ్లకు కాదు. అందుకని ఏడాది పాటు ఆ కార్డును పర్సులోనే పెట్టలేదు.

బాకీ నెలనెలా తగ్గుతూ పోయింది కాబట్టి, రుసుమును వడ్డీగా మార్చి చూస్తే నాకు పడింది 3 కాదు, ఏడాదికి ఐదున్నర శాతం. పాత కార్డు వడ్డీతో పోలిస్తే చాలా చవక. మొన్న అదే కార్డు నుంచి మళ్లీ సందేశం వచ్చింది, ‘6 నెలలు సున్నా వడ్డీ’ అని. రుసుము 5 శాతం. చూడ్డానికి అదే సున్నా. ఆరు సమాన వాయిదాల్లో కడితే ఏడాది వడ్డీ కింద అది దాదాపు 17 శాతం. సందేశం చెరిపేశాను.