గన్ షాప్ రివ్యూ: పని బంగారం, కౌంటర్ దగ్గర చెప్పే రూల్స్ మాత్రం నమ్మకండి

డాలస్‌కి ఉత్తరం వైపు ఉండే మనవాళ్లలో షూటింగ్ సరదా ఈమధ్య బాగానే పెరిగింది, "ఏ షాప్ మంచిది అన్నా" అని అడిగేవాళ్లూ పెరిగారు, అందుకని రాస్తున్నా. షాప్ పేరు రాయను, ఎందుకంటే పొగడ్తతో పాటు గట్టి ఫిర్యాదు కూడా ఉంది. ఈ చుట్టుపక్కల వాళ్లకు నాలుగు లైన్లు చదివితే ఎవరో అర్థమైపోతుంది, మిగతావాళ్లకు పేరుతో పనిలేదు.

నా దగ్గర రిజిస్టర్ అయిన ఎస్‌బీఆర్ ఒకటి ఉంది, అంటే 16 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ ఉన్న ఏఆర్ రైఫిల్. మామూలు రైఫిల్‌కి ఇక్కడ ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఏమీ లేదు గానీ బ్యారెల్ పొట్టి చేశారో, 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వచ్చేస్తుంది. తుపాకుల సంగతి చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి ఫామ్ 1 అనే దరఖాస్తు పెట్టి, వేలిముద్రలు, ఫొటో ఇచ్చి, అప్రూవల్ చేతికొచ్చాకే బ్యారెల్ బిగించాలి. నేను చేయించుకున్న రోజుల్లో 200 డాలర్ల టాక్స్ కూడా ఉండేది. 1934లో పెట్టిన అంకె తొంభై ఏళ్లు కదల్లేదు, 2026 జనవరి 1 నుంచి ఎస్‌బీఆర్‌లకీ సైలెన్సర్లకీ సున్నా చేశారు. నేను కట్టేశాక. పోనీలెండి. టాక్స్ పోయింది కదా అని ఫామ్ కూడా పోయిందనుకునేవాళ్లు కొందరున్నారు, ఫామ్ పోలేదు, అప్రూవల్ లేకుండా బిగిస్తే ఇప్పటికీ ఫెడరల్ నేరమే.

ఆ ఫామ్‌లో క్యాలిబర్ (తూటా సైజు) దగ్గర 5.56 అని రాసి ఉంది. పొట్టి బ్యారెల్‌లో 5.56 పేల్చినవాళ్లకు తెలుసు, తుపాకీ మందు కొంత బ్యారెల్ బయటే కాలుతుంది, చెవులు గింగురుమంటాయి, గుండు వేగం మాత్రం పడిపోతుంది. .300 బ్లాకౌట్ అనే ఇంకో క్యాలిబర్ అయితే పొట్టి బ్యారెల్‌కి చక్కగా సరిపోతుంది, పైగా బోల్ట్ అదే, మ్యాగజైన్ అదే, బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు. అందుకని మార్చేద్దామని షాప్‌కి వెళ్లా.

కౌంటర్‌లో ఉన్న కుర్రాడు మంచివాడే, మాటకారి. నా అప్రూవల్ కాగితం, అదే టాక్స్ స్టాంప్, ఇలా తిప్పి చూసి, క్యాలిబర్ మారితే అది కొత్త తుపాకీ కింద లెక్క, మళ్లీ ఫామ్ 1 పెట్టాలి, పేపర్ వర్క్ అంతా మేమే చూసుకుంటాం, 150 డాలర్లు అవుతుంది, అప్రూవల్ వచ్చేదాకా బ్యారెల్ ముట్టుకోవద్దు అని గడగడా చెప్పేశాడు. అసలు విషయం తెలియనివాడైతే అక్కడే కార్డు తీసేవాడు. మనవాళ్లైతే ఇంకా తొందరగా తీస్తారు, ఎందుకంటే మన దేశంలో ఆయుధ లైసెన్సు బోరుతో, అంటే తుపాకీ గొట్టం సైజుతో ముడిపడి ఉంటుంది, ప్రొహిబిటెడ్ బోరు, నాన్ ప్రొహిబిటెడ్ బోరు అని రెండు జాతులు, లైసెన్సు పుస్తకంలో ఏది రాసి ఉందో అదే, మారాలంటే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి, ఎలక్షన్లు వస్తే తుపాకీ తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. అది చూసి పెరిగినవాడికి ఈ కుర్రాడు చెప్పింది చాలా సబబుగా వినిపిస్తుంది.

కానీ ఇక్కడి పద్ధతి వేరు. రిజిస్టర్ అయ్యేది సీరియల్ నంబర్ ఉన్న లోవర్ రిసీవర్, అంటే ట్రిగ్గర్ ఉండే కింది భాగం. మన బండి ఆర్‌సీకి ఛాసిస్ నంబర్ ఎలాగో ఇది అలాగ. దాని మీద బిగించే అప్పర్ (బ్యారెల్ ఉండే పై భాగం), బ్యారెల్ మారినంత మాత్రాన కొత్త ఎస్‌బీఆర్ తయారైనట్టు కాదు, అది ఆల్రెడీ రిజిస్ట్రీలో ఉన్నదే. మార్పు తాత్కాలికం అయితే, అంటే పాత 5.56 అప్పర్ ఇంట్లోనే ఉంది, కావాలంటే మళ్లీ పెట్టుకోగలం అనుకుంటే, ఎవరికీ చెప్పే పనే లేదు. శాశ్వతంగా మార్చేస్తే ఏటీఎఫ్ వాళ్లు రాతపూర్వకంగా తెలియజేయమంటారు, అంతే. పేరు, తుపాకీ మేక్, మోడల్, సీరియల్ నంబర్, పాత క్యాలిబర్, కొత్త క్యాలిబర్, బ్యారెల్ పొడవు మారితే అదీ రాసి, వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న, ఆ 1934 యాక్ట్ సంగతి చూసే ఏటీఎఫ్ ఎన్‌ఎఫ్‌ఏ డివిజన్‌కి ఒక ఉత్తరం. ఒక పేజీ. కాపీ ఒకటి స్టాంప్‌తో పాటు దాచుకుంటే రేపు అమ్మేటప్పుడో, పిల్లల పేరున మార్చేటప్పుడో గొడవ ఉండదు.

ఈ మాటే నేనంటే కుర్రాడు ఒప్పుకోలేదు, మా దగ్గర పాలసీ ఇంతే అన్నాడు. పాలసీ వేరు, చట్టం వేరు బాబూ. చివరికి వెనక గదిలోంచి గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసే ఆయన, వచ్చాడు, పెద్దాయన, చేతులకి నూనె, విషయం సగం వినగానే "లెటర్ రాస్తే చాలు" అని తేల్చేసి రైఫిల్ లోపలికి తీసుకెళ్లిపోయాడు. ఒకే షాప్‌లో రెండు చట్టాలు! 150 డాలర్ల కోసం కావాలని చెప్పాడో, నిజంగా తెలియకే చెప్పాడో నాకు తెలియదు గానీ కస్టమర్ జేబుకి తేడా ఏమీ లేదు.

ఇక పని విషయానికొస్తే, వంక పెట్టడానికి లేదు. పాత బ్యారెల్ తీసి కొత్తది పెట్టి, నట్ టార్క్ రెంచ్‌తో బిగించి, గో, నో-గో గేజ్‌లు రెండూ పెట్టి హెడ్‌స్పేస్, అంటే తూటా సరిగ్గా కూర్చునే జాగా, నా ముందే చూపించాడు. కొత్త బ్యారెల్ మీద .300 బ్లాకౌట్ అని చెక్కి ఉందో లేదో కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు, ఎందుకంటే క్యాలిబర్ గుర్తు బ్యారెల్ మీదున్నా చెల్లుతుంది, లోవర్‌ని మళ్లీ చెక్కనక్కర్లేదు. లోవర్ మీద నా పేరు, ఊరు, రాష్ట్రం మొదట్లో ఇక్కడే చెక్కించా. సీరియల్ నంబర్ అక్షరం ఎత్తు కనీసం అంగుళంలో పదహారో వంతు, లోతు అంగుళంలో వెయ్యిలో మూడు వంతులు ఉండాలని రూలు, ఆయన చెక్కింది గోరు పెట్టి గీస్తే తగులుతుంది, ఇన్నాళ్లు వాడినా అరగలేదు.

పోతూ పోతూ ఒక పని చేశాడు, దానికే సగం మార్కులు వేస్తా. నా మ్యాగజైన్లలో కొన్నిటికి ఎర్ర రబ్బరు పట్టీలు తొడిగి, బ్లాకౌట్ రౌండ్లు వీటిలోనే పెట్టు అన్నాడు. మ్యాగజైన్ రెండిటికీ ఒకటే కావడంలో ఉన్న సుఖమూ అదే, ప్రమాదమూ అదే. బ్లాకౌట్ రౌండ్ పొరపాటున 5.56 తుపాకీలోకి వెళ్తే ఒక్కోసారి ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) పట్టేస్తుంది, .308 అంగుళాల గుండు .224 దారిలోంచి వెళ్లాలి, తుపాకీ చేతిలోనే పేలిపోతుంది. ఇంట్లో రెండు క్యాలిబర్లు ఉన్నవాళ్లు పట్టీలు కొనుక్కోండి, కొన్ని డాలర్లే.

కౌంటర్ కుర్రాడికి న్యాయం చేయాలంటే ఒకటి చెప్పాలి, సైలెన్సర్ సంగతి మాత్రం సరిగ్గా హెచ్చరించాడు. 5.56 సైలెన్సర్‌ని బ్లాకౌట్‌కి బిగించకూడదు, రంధ్రం చిన్నది, గుండు లోపల కొట్టుకుంటుంది. .30 క్యాలిబర్ సైలెన్సర్ ఉంటే రెండిటికీ పనికొస్తుంది.

మనవాళ్లకు విడిగా కొన్ని. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ లాయర్‌ని అడక్కుండా స్నేహితుడి మాట మీద కొనొద్దు, గ్రీన్ కార్డు ఆశలన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. ఎస్‌బీఆర్ మీ ఒక్కరి పేరునే ఉంటే సేఫ్ తాళం ఇంట్లో ఇంకొకరికి ఇవ్వడం కూడా చిక్కే, అందుకే చాలామంది ట్రస్ట్ పెట్టి భార్యనో భర్తనో అందులో చేరుస్తారు. రాష్ట్రం దాటి ఓక్లహోమాలో షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాలంటే ముందే ఏటీఎఫ్‌కి ఫామ్ 5320.20 పెట్టి అనుమతి తెచ్చుకోవాలి, క్యాలిబర్ ఏదైనా సరే. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలో మామూలు పౌరులకి ఎస్‌బీఆర్ అసలు కుదరదు, కాబట్టి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి మారే ఆలోచన ఉంటే సామాను సర్దకముందే దీని సంగతి తేల్చుకోండి.

లేబర్ 90 డాలర్లు తీసుకున్నారు, న్యాయమే. పార్కింగ్ చిన్నది. గన్‌స్మిత్‌కి అయిదుకి అయిదు, కౌంటర్‌కి రెండు. పెద్దాయన శనివారాలు ఉండడు, వెళ్లేముందు ఫోన్ చేసి ఉన్నాడో లేదో కనుక్కోండి, లేడంటే ఇంకో రోజు వెళ్లండి.