మందా, మాటా, రెండూనా?

మా బాబాయికి గాలి హోరు వింటే నిద్ర పట్టదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు విరిగి పడుతుంటే ఆయన పెంకుటింట్లో మంచం కింద దూరి తెల్లవార్లూ ఉన్నాడు. ఇప్పటికీ టీవీలో వాయుగుండం అన్నారంటే చాలు, అరుగు మీద కూర్చునే ఉంటాడు. ఇలా పెద్ద ప్రమాదం గడిచిపోయినా దాని భయం మనిషిని వదలకపోతే, ఆ జబ్బుని డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. దానికి మందు మేలా, మాటతో చేసే వైద్యం మేలా, రెండూ కావాలా?

ఏళ్ల తరబడి ఆయనకు దొరికింది మెడికల్ షాపులో ఆల్ప్రజోలం, ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మాత్ర. వేసుకుంటే నిద్ర, మానేస్తే మళ్లీ అదే గుండెదడ, పైగా అలవాటు. పీటీఎస్‌డీకి ఈ రకం మాత్రలు వద్దనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి దీన్ని పోటీలోంచి తీసేద్దాం.

అసలు మందులు సెర్ట్రలిన్, పారాక్సెటిన్ లాంటివి. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది. "పని చెయ్యట్లేదు" అని పదో రోజుకే మానేసేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు నాకు. సొంతంగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇక మాట. కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడం అనుకుంటాం. ధైర్యం మా వీధిలో అందరూ చెప్పారు, ఏం లాభం? ట్రామా థెరపీలో ఆ రాత్రిని కొంచెం కొంచెంగా మళ్లీ చెప్పిస్తారు, తప్పించుకు తిరిగేవాటి దగ్గరికి మెల్లగా తీసుకెళ్తారు. మామూలుగా వారానికోసారి, కొన్ని నెలలు. మొదటి వారాల్లో బాధ పెరిగినట్టుంటుంది, కొందరు అక్కడే వదిలేస్తారు. కానీ నిలబడితే మేలు తర్వాత కూడా నిలుస్తుంది. అందుకే చాలా మార్గదర్శకాలు మందుకంటే దీన్నే ముందు పెడతాయి. మాకొచ్చిన చిక్కల్లా దూరం. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లొస్తే రోజు పోయినట్టే, కొబ్బరి దింపు రోజుల్లో అయితే కుదరనే కుదరదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. దారి చూపిస్తారు గానీ, అది పూర్తి థెరపీకి బదులు కాదు.

రెండూ కలిపితే ఫలితం రెట్టింపవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నిద్రా తిండీ సరిగా ఉండి, కూర్చుని మాట్లాడగలిగితే థెరపీ ఒక్కటే చాలొచ్చు. డిప్రెషన్ బాగా ఉన్నా, చావు ఆలోచనలొస్తున్నా మందు కూడా కావాలి, ఆలస్యం చెయ్యకూడదు.

బాబాయి విషయంలో నా ఓటు రెండిటికీ. మందు మొదలెట్టిన నెలన్నరకి గానీ ఆయన గంటసేపు కుదురుగా కూర్చోలేకపోయాడు. ఆ తర్వాతే థెరపీ. చెట్టు విరిగిన చప్పుడు దగ్గరికి రాగానే నాలుగు వారాలు ఆగిపోయాడు. అయిదో వారం, ఆ చెట్టు తాతయ్య నాటిందని చెప్పాడు. పిన్నికే తెలియదట ఆ సంగతి.